స్టీమరు దారికి తాటాకు కట్టిన అత్త

మా మేనత్త పోయిందని ఆమె మనవరాలు ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో ఒక చెప్పుల షాపులో కూర్చుని ఉన్నాను. ఒక కాలికి కొత్త చెప్పు, ఇంకో కాలికి పాతది. "పెద్దనాయనా, అవ్వ పొయింది. కాఫీ పెట్టమనింది. నేను తెచ్చేలోపల పొయింది," అంది ఆ అమ్మాయి. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మా అత్తకు తొంభైకి అటూ ఇటూ ఉంటుంది. షాపతను మిగతా చెప్పు పట్టుకుని నిలబడ్డాడు. వద్దని చెప్పి, పాత చెప్పులతోనే సూళ్లూరుపేట బస్సెక్కాను.

ఆమె మీకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. పేరున్న మనిషి కాదు, సంతకం పెట్టడం కూడా రాదు. అయినా ఇది రాస్తున్నానంటే ప్రేమ ఒక్కటే కారణం కాదు. నేను గతంలో ఒక పుస్తకంలో ఒక వాక్యం రాశాను. దాన్ని వెనక్కి తీసుకోమని మా అత్త చాలాసార్లు అడిగింది. నేను తీసుకోలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఆ వాక్యం మాత్రం ఉంది.

మా అత్త ఊరు సూళ్లూరుపేట దాటాక, పులికాట్ సరస్సు ఒడ్డున. వేసవిలో నీళ్లు వెనక్కి పోయి పగుళ్లిచ్చిన బురద, వానలు పడ్డాక వాకిలి దాకా ఉప్పునీళ్ల వాసన. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నాకు ఆ ఊళ్లో తోచేది కాదు. అత్త దగ్గర ఉంటే మాత్రం తోచేది. నల్లగా, ఎత్తుగా, గట్టిగా నవ్వే మనిషి. చేపల పులుసులో పుల్లమామిడి వేసి, నేను రెండోసారి పెట్టించుకునేదాకా ఎదురుగా కూర్చుని చూసేది. "తిను అబ్బయ్యా, కొలుచుకోని తింటావెందుకు?" అనేది. అప్పటికే నాకు అన్నీ కొలుచుకునే బుద్ధి ఉండేదేమో.

ఆమెకొక అలవాటుండేది. దేనికి ముడి వెయ్యాలన్నా ముందు దాన్ని చేత్తో ఒకసారి పైనుంచి కిందికి తడిమేది. బట్టల తీగ కట్టాలంటే ముందు గుంజను తడిమేది. బర్రెను కట్టేసే ముందు రాటను తడిమేది, రోజూ అదే రాట అయినా. మా అబ్బాయికి మొలతాడు కట్టమని ఇస్తే వాడి నడుము చుట్టూ చెయ్యి తిప్పింది. వాడు చక్కిలిగింతలకు మెలికలు తిరిగిపోయాడు. మేం బస్సుకు బయలుదేరితే దారికి కట్టిచ్చే అన్నం మూటను కూడా తడిమి కట్టేది. మా ఆవిడ ఒకసారి నవ్వుతూ, "ఏందత్తా, దిష్టి తీస్తావా?" అని అడిగింది. "నీళ్లకాడ పుట్టినోళ్లకు కన్ను అబద్ధం చెప్తాది పాపా. చెయ్యి చెప్పదు," అంది అత్త. ఏదో పాతకాలం పట్టింపు అనుకున్నాం. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి, ఆ మాట వెనక చరిత్ర ఉంటుందని నాకు తట్టలేదు.

ఇక్కడ కాస్త స్టీమర్ల సంగతి చెప్పాలి. ఇవాళ సరస్సు మధ్యలోంచి రోడ్డు పోతోంది. రాకెట్లు ఎగిరే దీవికి బస్సుల్లో, కార్లలో పోతున్నారు. పక్షుల కోసం వచ్చినవాళ్లు కారు దిగి ఫోటోలు తీసుకుని మళ్లీ ఎక్కుతారు. ఈ నీళ్ల మీద ఒకప్పుడు పొగ వదులుతూ ప్రయాణికుల పడవ తిరిగేదంటే వాళ్లు నమ్మరు. మా అత్త పెళ్లయి వచ్చేనాటికి అలాంటిది ఒక్కటే మిగిలింది. ఒక కాంట్రాక్టరు నడిపేవాడు. అడుగు చదునుగా ఉండే పడవ, మధ్యలో బాయిలరు. దీవుల్లో కొట్టిన సర్వి, అంటే సరుగుడు కట్టెలే దానికి మేత. ముందువైపు గంపలు, మేకలు, చేపల బుట్టలు. వెనకవైపు రేకు కింద ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. దీవుల జనం ఆసుపత్రికి పోవాలన్నా, సంతకు పోవాలన్నా, మద్రాసు రైలు అందుకోవాలన్నా దాన్నే ఎక్కాలి. కూత వేస్తే తెల్లకొంగలన్నీ ఒక్కసారి లేచేవట. ఈ మాట నాకు కనీసం పదిమంది ముసలివాళ్లు చెప్పారు, పదిమందీ చేతులు పైకెత్తి చూపిస్తూ చెప్పారు.

ఆ స్టీమరుకు సరంగు మా మామ. సరంగంటే పడవ నడిపే పెద్ద. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది.

పులికాట్ చూడ్డానికి సముద్రమంత ఉంటుంది కానీ చాలాచోట్ల మొలలోతే. స్టీమరు పోవడానికి సరిపడా లోతున్న దారి నీళ్ల కింద సన్నగా, వంకరటింకరగా ఉంటుంది. అదీ ఒక్కచోట ఉండదు. ప్రతి ఏడాదీ గాలివానలు వెళ్లాక ఇసుక అటుదిటై, నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు. అందుకని వానలు తగ్గగానే చిన్న పడవలో వెళ్లి, గెడ వేసి లోతు చూసుకుంటూ, దారి పొడుగునా సర్వి గుంజలు పాతేవాళ్లు. పాతడం మగవాళ్ల పని. రెండు మూడు రోజుల తర్వాత, గుంజలు బురదలో బిగిశాక, వాటి తలకు తాటాకు కట్టాలి. సరంగు చూసేది గుంజను కాదు, తాటాకును. ఎందుకంటే సరస్సు నిండా జాలర్లు వలలు కట్టుకునే గుంజలుంటాయి. అవీ సర్వివే, అంతే ఎత్తు. తాటాకు ఉంటే పడవ దారి, లేకపోతే వల.

ఆ తాటాకు కట్టేది మా అత్త. దానికి ఆమెను ఎవరూ కుదుర్చుకోలేదు, ఎక్కడా రాసుకోలేదు. మామకు పని ఎక్కువై, ఆమెకు పడవ తొయ్యడం బాగా వచ్చు కాబట్టి ఆ పని ఇంట్లోకి వచ్చింది.

ఇక ఆఖరి రోజు. ఒక మధ్యాహ్నం స్టీమరు నిండా జనంతో వస్తూ, ఒక మలుపు దగ్గర దారి తప్పి మెరక మీదికి ఎక్కి దిగబడింది. అడుగు రేకు చీలింది. జనాన్ని చిన్న పడవల్లో దించడానికి మర్నాటి పొద్దు దాకా పట్టింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు కానీ, కాంట్రాక్టరు మళ్లీ ఆ పడవను బాగుచేయించలేదు. స్టీమరు అంతటితో సరి. దీవుల వాళ్లు మళ్లీ తెరచాప పడవలకు, వేసవిలో బురదలో నడకకు వచ్చారు. పురిటి మనుషుల్ని మంచం మీద మోసుకుంటూ నీళ్లలో నడిచిన వాళ్లు, నడిచిన ప్రతిసారీ మా మామను తిట్టుకున్నారు. సరంగు తాగి నడిపాడని ఊరూరా చెప్పుకున్నారు. మామ ఆ ఊళ్లో ఉండలేక గూడూరు వెళ్లి నిమ్మకాయల మండీలో బస్తాల మూతులు కుట్టే పనిలో చేరాడు. చచ్చిపోయేదాకా అదే పని. ఆయన నోట నేను స్టీమరు మాట ఒక్కసారి కూడా వినలేదు.

నేను రిటైరయ్యాక తోచక, సరస్సు మీద స్టీమర్ల గురించి ఒక చిన్న పుస్తకం వేసుకున్నాను. దొరికిన కాగితాలన్నీ వెతికాను, ముసలివాళ్లను కలిశాను. అందులో ఆఖరి పేజీకి ముందు పేజీలో ఈ వాక్యం ఉంది: "సరంగు మద్యం సేవించి నడపడం వల్లే పడవ దిగబడిందని చెబుతారు." సొంత మామ గురించి కూడా నిష్పక్షపాతంగా రాశానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. 'చెబుతారు' అనే మాట మాలాంటి వాళ్లకు గొడుగు. దాని కింద నిలబడితే మన మీద చుక్క పడదు.

పుస్తకం ఒకటి అత్తకు ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా మనవరాలు ఫోన్ చేసింది. "పెద్దనాయనా, నీ బుక్కు అవ్వకు మొత్తం చదివి ఇనిపించినాను. నిన్ను రమ్మంటా ఉండాది. అన్నం తినలే నిన్నట్నుంచి."

వెళ్లేసరికి అత్త వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో ఉంది. నన్ను చూసి ఎప్పటిలా నవ్వలేదు.

"కూర్చో. మీ మామ తాగినాడని రాసినావంట."

"నేను అన్లేదత్తా. జనం చెప్పుకుంటారని రాసినాను."

"జనం చెప్పుకునేది గాల్లో పోతాది. నువ్వు రాసింది యాడికీ పోదు గదా." పుస్తకం తీసి పక్కన పెట్టింది. "మీ మామ జన్మలో కల్లు ముంత ముట్టలే. తప్పు చేసింది నేను."

అప్పుడు చెప్పింది. అప్పటిదాకా మనవరాలికి కూడా తెలియదు. ఆ పిల్ల గడపలో నిలబడి విన్నది.

"దారిగుంజకు పట్ట తియ్యరు, బెరడు అట్నే ఉంటాది. వలగుంజకు తీస్తారు, వల చినక్కుండా. దూరానికి రెండూ ఒకటే. తడిమితే తెలిసిపోతాది. గరుగ్గా ఉంటే మనది, నున్నగా ఉంటే వాళ్లది. తడిమి కట్టాల. అంతే ఆ పని. ఆ పొద్దు ఊళ్లో తిరణాల. గాజులోళ్లు వచ్చినారు. ఎప్పుడు అయిపోతాదా, ఎప్పుడు ఒడ్డుకు పోదామా అని ఉండాది నాకు. ఆ మలుపుకాడ కొత్తగా వలగుంజలు పాతినారు, మన గుంజల వరసలోనే. నేను తడమలే అబ్బయ్యా. చూసి కట్టేసినాను. నాలుగు గుంజలకు."

"తర్వాత?"

"తర్వాత గాజులు వేయించుకున్న్యా."

స్టీమరు దిగబడ్డాక మామ జనాన్నంతా వెనకవైపుకు పొమ్మని, తను నీళ్లలోకి దిగాడట. అడుగు చూడ్డానికి దిగాడని అందరూ అనుకున్నారు. గుంజ మీద చెయ్యి వేసిన మరుక్షణం ఆయనకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. నాలుగు గుంజల తాటాకులూ కోసి పైకి తెచ్చి, బాయిలరు పొయ్యిలో వేశాడు. కట్టెలు తోసే మనిషి చూశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనే అత్తకు చెప్పాడు. ఇప్పుడాయన లేడు.

"కాంట్రాక్టరు మనిషి వచ్చి తాగినావా అని అడిగితే మీ మామ తల వంచుకోని నిలబడినాడంట. గుర్తు తప్పిందని ఒక్క మాట అంటే, ఎవురు కట్టినారు అంటారు గదా. నేను మర్నాడు పడవేసుకోని పొయి సూసినాను. గుంజలు బోడిగా ఉండాయి. నా ముడి పీచు కొంచెం అంటుకోని ఉండాది. తడిమినాను. నున్నగా ఉన్న్యాయి." ఆమె అరచేతిని చీరకు తుడుచుకుంది, ఇంకా తడి ఉన్నట్టు. "చెప్పేస్తానని బయలుదేరితే మీ మామ గడపకడ్డం కూర్చున్నాడు. 'నన్నయితే తాగుబోతని వదిలేస్తారు. నిన్నయితే వదలరు' అన్నాడు. నేను ఏడస్తా ఉంటే, 'ఇంకో తూరి తడిమి కట్టులే' అన్నాడు. ఇంకో తూరి యాడుండాది, స్టీమరే లేకపాయె."

నేను ఆ సమయంలో చెయ్యాల్సిన పని ఒకటే ఉండింది. నేను చేసింది వేరు. జేబులోంచి పెన్ను తీసి, "దీనికి ఆధారం ఏమన్నా ఉండాదా అత్తా?" అని అడిగాను. అలవాటు. ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పిన మాట అదే.

"కాల్చేసినాడని చెప్తా ఉంటే ఆధారం అడుగుతావేమబ్బయ్యా. నేనుండాను గదా."

"నువ్వు ఆయన పెండ్లానివి. పెండ్లం మాట పుస్తకంలో నిలబడదత్తా."

నిజంగా ఈ మాట అన్నాను. ఎవరో అన్నారని రాయడం నాకు అలవాటే కాబట్టి, ఇది నేనే అన్నానని స్పష్టంగా రాస్తున్నాను.

అత్త మనవరాలి వైపు తిరిగి, "కాయితం మాట్లాడితే ఇంటాడు మా అబ్బయ్య. మనిషి మాట్లాడితే ఇనడు. పొయి అన్నం పెట్టు వానికి," అంది. రెండోసారి అచ్చు వేసినప్పుడు చూస్తానని చెప్పి, చేపల పులుసు తిని తిరుపతి వచ్చేశాను.

రెండోసారి అచ్చు వెయ్యలేదు. మొదటిసారివే అటక మీద ఉన్నాయి. తర్వాత వెళ్లినప్పుడల్లా అడిగేది. "అచ్చేసినావా?" "ఇంకా లేదత్తా." కోపంగా అడిగేది కాదు, బస్సు వచ్చిందా అని అడిగినట్టు అడిగేది. ఒకసారి, "పోనీ నా పేరే రాసెయ్యి అబ్బయ్యా, నన్నిప్పుడు ఎవురు మాత్రం ఏమంటారు? తిట్టేవాళ్లంతా పొయినారు," అంది. నేను నవ్వి మాట మార్చాను. పోయిన ఏడాది నుంచి అడగడం మానేసింది. మర్చిపోయిందనుకున్నాను. తేలికపడ్డాను కూడా. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు ఎక్కువమంది లేరు. దీవి నుంచి మోటారు పడవలో ఒక ముసలాయన వచ్చాడు. అత్త కాళ్ల దగ్గర కొంచెంసేపు కూర్చుని, "మీ అత్తమ్మ మంచి మనిషి అప్పా. మొగుడే అట్ల తాగి నాశనం చేసినాడు గానీ," అన్నాడు నాతో. ఓదార్పుగానే అన్నాడు. మనవరాలు నా ముఖం వైపు చూసింది. ఎవరూ నన్ను ఆధారం అడగలేదు, అయినా మామ తాగలేదని నేను చెప్పలేదు. మామ ఆనాడు తల వంచుకుని నిలబడ్డానికి ఒక కారణం ఉంది. నాకేముంది?

పాడె కడుతుంటే నన్నూ ఒక చెయ్యి వెయ్యమన్నారు. పురికొస అందుకుని ముడి వెయ్యబోతూ, వెదురు మీద చెయ్యి పెట్టి పైనుంచి కిందికి తడిమాను. ఎందుకు చేశానో ఆ క్షణానికి తెలియలేదు. పక్కనున్నతను నేను వెదురుకు పేళ్లున్నాయేమో చూస్తున్నాననుకున్నాడు.

అన్నీ అయిపోయాక, ఆ సాయంత్రం మనవరాలు లోపలికి పిలిచింది. ఆ అమ్మాయి తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఉన్నదున్నట్టు మాట్లాడే పిల్ల. అత్త ట్రంకు పెట్టె తెరిచి, చీరల కింద నుంచి నా పుస్తకం తీసి ఇచ్చింది.

"నువ్వు అచ్చెయ్యవని తెలిసినాక, మొన్నీమధ్య, తాగినాడని ఉండే పేజీ యాడుండాదో చూపించమనింది. చూపించినాను. చింపేస్తావా అవ్వా అంటే, 'వాడు కష్టపడి రాసుకున్న్యాడు, చింపకూడదు' అనింది."

చింపలేదు. ఆ పేజీనీ దాని ఎదురు పేజీనీ ఒకటిగా చేర్చి, అంచు పొడుగునా దబ్బనంతో బొక్కలు పెట్టి, తాటాకును సన్నగా చీల్చి కట్టేసింది. నాలుగు ముడులు. పుస్తకం మొత్తం తెరుచుకుంటుంది. కాంట్రాక్టర్లు, బాయిలర్లు, కట్టెలు, కూతలు, లేచిపోయే కొంగలు, అన్నీ చదువుకోవచ్చు. ఆ రెండు పేజీలు మాత్రం తెరుచుకోవు.

అందుకని ఆ మూసిన పేజీలో ఉండాల్సింది ఇక్కడ రాస్తున్నాను. పులికాట్ సరస్సు మీద ఆఖరి స్టీమరు దిగబడిన రోజున సరంగు తాగి లేడు. ఆయన గుర్తును నమ్మి నడిపాడు. గుర్తు తప్పుగా కట్టింది ఆయన భార్య. ఆ గుర్తును కాల్చేసింది ఆయన. ఆధారం: మా అత్త.

పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. తాటాకు పచ్చివాసన ఇంకా పూర్తిగా పోలేదు. కత్తెర పక్కనే ఉంది. ఒకటి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇవాళ ఇది రాయడం అయ్యాక, కళ్లు మూసుకుని ఆ నాలుగు ముడుల మీదా వేలితో తడిమాను. గరుగ్గా ఉన్నాయి. కత్తెర తీసి సొరుగులో పెట్టేశాను.